కొండ సైకిలు పందెం: ఎవరి సాధన వారిదే



కాల్గరీలో మన తెలుగువాళ్ల గరాజుల్లో, బియ్యం బస్తాలకీ మంచు ఎత్తే పారకీ మధ్య, ఈమధ్య లావు టైర్ల సైకిళ్లు వేలాడుతున్నాయి. ముందు పిల్లాడి కోసమని కొంటారు. వాణ్ణి క్లబ్బు దగ్గర దింపి గంటన్నరసేపు కారులో కూర్చోలేక నాన్న కూడా ఒకటి కొనుక్కుంటాడు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ పందేనికి పేరిచ్చేస్తారు. అప్పుడు ఫ్రిజ్ తలుపు మీదికి ఒక కాగితం వస్తుంది. ఎవరో పేరున్న రేసరు పన్నెండు వారాల సాధన పట్టిక అది. సోమవారం విశ్రాంతి, మంగళవారం కొండెక్కడం ఎనిమిదిసార్లు, బుధవారం మూడు గంటలు, అలా సాగుతుంది. తండ్రికీ అదే, కొడుక్కీ అదే.

ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీంచి ఊడదీయమని చెప్పడానికే ఈ పూట మీ ముందుకొచ్చాను.

ఆ పట్టికలో తప్పేమీ ఉండకపోవచ్చు. కానీ అది రాసింది పాతికేళ్ల మనిషికి, సైకిలు తొక్కడమే ఉద్యోగమైన మనిషికి. వాళ్లకి నిద్రా తిండీ తీరికా అన్నీ అమర్చిపెట్టి ఉంటాయి. మిగతావాళ్లందరికీ వయసును బట్టి ఏదో ఒకటి కరువు. పదేళ్ల పిల్లకి ఒడుపు ఇంకా రాలేదు, ఎముక ఇంకా ముదరలేదు. పదిహేడేళ్లవాడికి ఓపిక లేదు. నలభై అయిదేళ్లాయనకి టైము లేదు, పైగా ఇవాళ్టి అలసట ఎల్లుండికి గానీ తీరదు. అరవై దాటితే కండ కరుగుతూ ఉంటుంది. ఎవరికి ఏది కరువో దాని దగ్గర మొదలుపెట్టి పట్టిక వేసుకోవాలి.

ముందు పందెం సంగతి రెండు మాటల్లో. కొండ సైకిలు పోటీల్లో చాలా రకాలున్నాయి గానీ మన పిల్లలు ఎక్కువగా దిగేది క్రాస్ కంట్రీ. నాలుగైదు కిలోమీటర్ల చుట్టు, అందులో ఎక్కుడూ దిగుడూ చెట్ల వేళ్లూ రాళ్లూ. వయసును బట్టి ఇన్ని చుట్లని పెడతారు. చిన్నపిల్లలకి పావుగంట, ఇరవై నిమిషాలు. పెద్ద పోటీల్లో సుమారు గంటన్నర. ఇంకోటి మారథాన్, అది నలభై యాభై కిలోమీటర్లకు తక్కువుండదు. క్రాస్ కంట్రీ 1996లో అట్లాంటాలో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆ మొదటిసారే మహిళల పోటీలో వెండి పతకం గెలిచింది మన పక్క ఊరి మనిషే. ఎడ్మంటన్‌లో పుట్టిన ఆలిసన్ సైడర్. 1994, 95, 96 వరసగా మూడేళ్లు ప్రపంచ విజేత కూడా. ముప్ఫై ఏడేళ్ల వయసులో ఏథెన్స్ ఒలింపిక్స్‌కి వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. పిల్లాడికి పదకొండేళ్లు వచ్చేశాయి, ఇంకా గెలవలేదేమిటని బెంగపడే అమ్మానాన్నలు ఆ ముప్ఫై ఏడు అంకెని ఒకసారి గుర్తుపెట్టుకోవాలి.

ఇక పిల్లల మాట. మనవాళ్లకి ఒక అలవాటు ఉంది. ఐఐటీకి ఆరో తరగతిలోనే పునాది కోర్సులో చేర్పించిన జాతి మనది. సైకిలు పందెమన్నా అదే లెక్క వేస్తాం. ఎంత తొందరగా మొదలుపెట్టి ఎన్ని ఎక్కువ గంటలు చేయిస్తే అంత ముందుంటాడని. శరీరం విషయంలో ఆ లెక్క తప్పుతుంది. 2005లో ఇస్త్వాన్ బాయి అనే శిక్షణ నిపుణుడు, ఆయనతో పనిచేసినవాళ్లు కలిసి కెనడా క్రీడలకి ఒక పద్ధతి రాసిపెట్టారు. ఏ వయసులో ఏం నేర్పాలి, ఎంత పోటీ పెట్టాలి అని. దేశంలో క్రీడా సంఘాలు చాలావరకు దాని ఆధారంగానే తమ దారి వేసుకున్నాయి. అందులో చిన్నతనానికి రాసిన మందు ఆట, రకరకాల ఆట. ఊపిరి బిగబట్టి చేసే కసరత్తు తర్వాతి సంగతి.

పన్నెండేళ్ల లోపు పిల్లలకి నేనైతే వారానికి రెండుసార్లు సైకిలు చాలంటాను. అందులో ఒకటి పూర్తిగా ఒడుపు కోసం. మనూళ్లలో ఆగస్టు పదిహేనుకి, సంక్రాంతికి నెమ్మది సైకిలు పందెం పెట్టేవారు, గుర్తుందా? అందరికంటే చివర వచ్చినవాడికి ప్రైజు, కాలు కింద పెడితే అవుటు. ఇక్కడి కోచ్‌లు పిల్లలకి నేర్పే మొదటి విద్య దాదాపు అదే. ఇంటి ముందు డ్రైవ్‌వేలో సుద్దముక్కతో పది అడుగుల పొడవున రెండు గీతలు గీయండి. ఆ గీతల మధ్య ఎంత ఆలస్యంగా దాటితే అంత గొప్ప. పిల్ల మొదట సీటు మీద కూర్చుని ఊగిపోతుంది. తర్వాత పెడళ్ల మీద లేచి నిలబడుతుంది. పెడళ్లు రెండూ నేలకి సమానంగా ఉంటే బరువు మధ్యలోకొస్తుందని తనంతట తనే కనిపెడుతుంది. ముందు చక్రం కాస్త పక్కకి తిప్పి, బ్రేకు మీద ఒక్క వేలు పెట్టి, కళ్లు గీత చివర నిలిపితే సైకిలు నిలబడిపోతుంది. రేపు బ్రాగ్ క్రీక్ అడవిలో తడి వేళ్ల మీద చక్రం జారినప్పుడు పిల్లని కాపాడేది ఈ విద్యే.

సైకిలు కోసం కూచిపూడి క్లాసు మాన్పించకండి. అరమండిలో నిలబడగలిగిన పిల్లకి తొడ బలమూ నడుము పట్టూ ఉచితంగా వస్తున్నాయి. చలికాలంలో స్కేటింగో ఈతో స్కీయింగో చేయనివ్వండి. ఆంటేరియో అమ్మాయి ఇసబెల్లా హోమ్‌గ్రెన్ 2023లో సైక్లోక్రాస్ అనే మరో రకం సైకిలు పందెంలోనూ, కొండ సైకిలు క్రాస్ కంట్రీలోనూ జూనియర్ ప్రపంచ విజేత అయింది. ఒకే ఏడాది, రెండు వేర్వేరు ఆటలు.

పదకొండు నుంచి పదిహేనేళ్ల మధ్య ఇంకో పని చేయండి. గోడ దగ్గర నిలబెట్టి మూడు నెలలకోసారి పెన్సిలుతో ఎత్తు గుర్తు పెట్టండి. ఆడపిల్లలు ఇంచుమించు పన్నెండేళ్లప్పుడు, మగపిల్లలు పధ్నాలుగప్పుడు ఉన్నట్టుండి సాగుతారు. ఆ నెలల్లో ఎముక ముందు పరుగెడుతుంది, కండరమూ నరమూ వెనకబడతాయి. నిన్నటిదాకా చక్కగా మలుపు తిప్పినవాడు ఇవాళ తడబడతాడు. మోకాలి చిప్ప కింద బుడిపె దగ్గర నొప్పంటాడు. బద్ధకం అనుకుని తిట్టకండి. ఎక్కుళ్లూ గెంతులూ తగ్గించి, సీటు ఎత్తు సరిచూడండి. ఎత్తు పెరిగిన పిల్లకి పాత సీటు కిందికైపోతుంది, మోకాలి ముందు భాగం మీద భారం పడుతుంది. నొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

పదిహేడు, పద్దెనిమిదేళ్లవాళ్లని జూనియర్లంటారు. ఆ సంవత్సరం డిసెంబరు ముప్ఫై ఒకటికి ఎన్నేళ్లొస్తాయో అదే పందెం వయసు. దాంతో జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గుంపులో పడతారు. ఆ వయసులో పదకొండు నెలల తేడా కండలో కనిపిస్తుంది. డిసెంబరు పిల్లాడు వెనకబడితే అది వాడి చేతకానితనం కాదు.

ఈ వయసులో వారానికి ఎనిమిది, తొమ్మిది గంటలు తొక్కవచ్చు. అందులో గట్టి పని రెండు రోజులే. మిగతాదంతా నింపాదిగా. నింపాది అంటే ఎంత? పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. సగంలో ఊపిరి అందక ఆగిపోతే వేగం ఎక్కువైంది. పాట పాడగలిగితే మరీ తక్కువైంది. పదిహేడేళ్లవాడికి ఈ నింపాది మింగుడుపడదు. రోజూ పందెంలాగే తొక్కుతాడు, మే నెలలో అందర్నీ దాటేస్తాడు, జూలైకి కాళ్లు ఈడుస్తాడు.

గట్టి పని అంటే ఇది. నాలుగు నిమిషాలు ఎక్కుడు, రెండు మూడు మాటలకు మించి పలకలేనంత జోరుగా. మూడు నాలుగు నిమిషాలు తేలిగ్గా కిందికి. అలా నాలుగుసార్లు. రెండోరోజు బయల్దేరడం మీద సాధన. క్రాస్ కంట్రీలో మొదటి రెండు నిమిషాలు వెడల్పు దారి, ఆ తర్వాత ఒక్క సైకిలు పట్టే సన్న బాట. ఆ బాటలోకి ఇరవయ్యోవాడిగా దూరితే ముందున్నవాడి వెనక టైరు చూస్తూ గడపాల్సిందే. అందుకే నిలబడ్డచోట నుంచి ముప్ఫై సెకన్ల పూర్తి జోరు, ఆ వెంటనే అదుపు తప్పకుండా మలుపు తిరగడం, ఈ రెంటినీ కలిపి చేయాలి.

ఆల్బర్టాలో పన్నెండో తరగతి డిప్లొమా పరీక్షలు జనవరిలోనూ జూన్‌లోనూ జరుగుతాయి. జూన్ అంటే సరిగ్గా పందేల కాలం. రెండింటినీ ఒకేసారి మోయించకండి. పరీక్షల వారాల్లో సైకిలు సగానికి తగ్గించి నిద్ర పూర్తిగా పోనిస్తే వేగం ఎక్కడికీ పోదు. శాకాహారులైన ఆడపిల్లలకి ఐరన్, బీ12 పరీక్ష ఏడాదికోసారి చేయించడం మంచిది. చాలాసార్లు ‘మా అమ్మాయికి పట్టుదల లేదు’ అన్న మాట వెనక ఉండేది రక్తహీనత.

ఇరవైల్లో ఉండి జాతీయ స్థాయి మీద కన్నేసినవాళ్లకి రేడియోలో నేను చెప్పగలిగేది తక్కువ. వాళ్లకి కోచ్ ఉండాలి, ఆల్బర్టా బైసికిల్ అసోసియేషన్‌ని అడిగితే దారి చూపుతారు.

నాకు అసలు చెప్పాలని ఉన్నది నలభై దాటినవాళ్ల గురించి. ఈ కార్యక్రమం వినేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

అయ్యా, మొదట గుండె. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన సలీం యూసుఫ్, కేరళలో పుట్టిన మనిషి, 52 దేశాల్లో గుండెపోటు మీద పెద్ద పరిశోధన నడిపించారు. ఇంటర్‌హార్ట్ అని దాని పేరు. అందులో తేలిన విషయం, దక్షిణాసియావాళ్లకి మొదటి గుండెపోటు మిగతావాళ్ల కంటే అయిదారేళ్లు ముందే, యాభై మూడు ప్రాంతంలోనే వస్తోందని. కాబట్టి పదేళ్లు కుర్చీలో కూర్చుని, షుగరో బీపీయో తెచ్చుకుని, ఒక్కసారిగా కొండెక్కే ముందు ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఫలానా నెలలో పందెంలో దిగాలనుకుంటున్నాను అని విడమర్చి చెప్పండి. వాకింగ్ చేస్తున్నాను అని మెత్తగా చెబితే ఆయన మెత్తగానే తలాడిస్తారు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు దారిలో షుగరు పడిపోకుండా ఏం చేయాలో అడగండి. గుండె వేగం తగ్గించే మందులు వాడేవాళ్లకి చేతి వాచీ చూపించే అంకెలు పనికిరావు. అసలు గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసు తీసేసే లెక్క ఎవరికైనా సగటు లెక్కే, మనిషికీ మనిషికీ పది పన్నెండు స్పందనల తేడా ఉంటుంది. ఇందాకటి మాటల పరీక్షనే నమ్ముకోండి.

రెండోది, గమ్యం. నలభై నాలుగేళ్ల ఆయన ఒకరున్నారనుకోండి. వారానికి ఆరు గంటలు దొరుకుతాయి. ఆయన జూలైలో గంటసేపటి క్రాస్ కంట్రీలో తన వయసు గుంపులో గట్టిగా తలపడాలంటే ఒక సాధన, యాభై కిలోమీటర్ల మారథాన్ నవ్వుతూ పూర్తి చేయాలంటే ఇంకో సాధన. మొదటి దానికి నాలుగు నిమిషాల ఎక్కుళ్లు ముఖ్యం. రెండో దానికి ఆదివారం ప్రయాణం ముఖ్యం. రెండు గంటలతో మొదలై వారానికో పావుగంట చొప్పున నాలుగు గంటల దాకా పెరగాలి. ఆ ప్రయాణంలో తినడం కూడా సాధనే. గంటకి నలభై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం పడాలి. అరటిపండు, ఖర్జూరం, బెల్లం చిక్కీ, ఏదైనా సరే. ఆకలేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. పులిహోర కూడా బాగానే పనిచేస్తుంది గానీ చేతి తొడుగుల సంగతి మీరే చూసుకోండి.

పందెం రోజు పట్టుకుని వెనక్కి లెక్కించాలి. జూలై మూడో ఆదివారం నుంచి పదహారు వారాలు వెనక్కి పోతే మార్చి చివర. అప్పటికి కాల్గరీలో ఇంకా మంచే. కొండదారులు ఆరేది మే నెలలో, కొన్ని చోట్ల జూన్‌లో. అందుకే ఇక్కడి పట్టిక మొదటి సగం బేస్‌మెంట్లో సాగుతుంది. ట్రెయినరుకి సైకిలు బిగించి, ఎదురుగా ఫ్యాను పెట్టి, మంగళ గురువారాలు గంటేసి. సోమవారం, శుక్రవారం ఇరవై అయిదు నిమిషాలు బరువులు. గుంజీళ్లలాంటి స్క్వాట్లు, నేల మీంచి బరువెత్తడం, ప్లాంకు. వారాంతంలో చినూక్ గాలి వీచి మంచు కరిగిందంటే ఫిష్ క్రీక్ పార్కు దారుల్లో రెండు గంటలు. లేకపోతే స్కీయింగ్. 1988 ఒలింపిక్స్ కోసం కట్టిన కాన్‌మోర్ నార్డిక్ సెంటర్ గంటంపావు దూరంలోనే ఉంది. చలికాలంలో స్కీ బాటలు, వేసవిలో అక్కడే కొండ సైకిలు బాటలు. క్రాస్ కంట్రీ స్కీయింగ్‌కి మించిన గుండె కసరత్తు నాకు తెలిసి లేదు. మోకాళ్లకి దెబ్బా తక్కువే.

ఏప్రిల్‌లో ఎండ చూసి నిలవలేక బురద బాటల మీదికి పోకండి. తడి నేల మీద చక్రం చేసిన గాడి ఎండాక రాయిలా బిగుసుకుపోతుంది. వెస్ట్ బ్రాగ్ క్రీక్ బాటల్ని వాలంటీర్లు చేతులతో బాగుచేస్తారు, ఆ శ్రమ మనది కాదు కదా అనుకోవద్దు. ఆ వారాల్లో ఊళ్లోని నోస్ హిల్ పార్కులో సైకిళ్లకి అనుమతి ఉన్న దారులు చూసుకోండి. మే నుంచి మంగళవారం ఎక్కుళ్లు అక్కడే, గురువారం ఒడుపు, ఆదివారం కననాస్కిస్. ఆ ప్రాంతంలో కారు ఆపాలంటే పాసు ఉండాలి, 2021 నుంచి ఆ నియమం ఉంది.

మూడోది, అలసట. ఇరవై ఏళ్లవాడు మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గిస్తాడు. నలభై దాటాక రెండు వారాలు పెంచి మూడో వారం తగ్గించడం మేలు. గట్టి రోజుకీ గట్టి రోజుకీ మధ్య నలభై ఎనిమిది గంటలైనా ఉండాలి. ఆఫీసులో అర్ధరాత్రి దాకా హైదరాబాదు టీముతో కాల్ నడిచిందంటే మర్నాటి ఎక్కుళ్లు రద్దు చేసేయండి. తర్వాత పూడ్చుకుందామని శనివారం రెండింతలు చేయకండి. పోయిన రోజు పోయినట్టే.

మన ఆడవాళ్లు చాలామంది కాలేజీకి లేడీబర్డ్ సైకిలు మీద వెళ్లినవాళ్లే. పెళ్లయ్యాక ఆపేసి, ఇరవై ఏళ్ల తర్వాత పిల్లల వెనక మళ్లీ ఎక్కుతున్నారు. వాళ్లకి మొదటి సీజను పందెం వద్దు, మహిళల బృందాలతో ఒడుపు క్లాసులు చాలు. దిగుడులో సీటు వెనక్కి ఒరగడం వస్తే సగం భయం పోతుంది. కెనడా రేసరు కాథరీన్ పెండ్రెల్ 2016 రియోలో మొదట్లోనే కిందపడి, లేచి, ఒక్కొక్కర్నీ దాటుకుంటూ కంచు పతకం అందుకుంది. 2021 జనవరిలో తల్లయి, అదే వేసవిలో నలభై ఏళ్ల వయసులో టోక్యో ఒలింపిక్స్‌లో తొక్కింది. అందరూ అలా చేయాలని కాదు. పిల్లలు పుట్టాక ఇంకేం సైకిలు అనే అత్తగారి కోసం చెబుతున్నాను.

అరవై దాటినవాళ్లకి సైకిలు కంటే ముందు బరువులు. సైకిలు గుండెకి మంచిదే గానీ ఎముకకి పెద్దగా బలం ఇవ్వదు, నేల తాకిడి ఉండదు కనుక. వారానికి రెండుసార్లు బరువులు, రెండుసార్లు నింపాది సైకిలు, ఒకసారి చిన్న జోరు. ఆ చిన్న జోరు మానకూడదు. ఊరికే కూర్చున్నవాళ్లకి ఊపిరి సామర్థ్యం పదేళ్లకి దాదాపు పది శాతం పడిపోతే, గట్టి సాధన వదలనివాళ్లకి ఇంచుమించు అందులో సగమే పడుతుంది. యాభై ఒకటో అక్షాంశంలో చలికాలపు ఎండ విటమిన్ డీ ఇవ్వదు, మన రంగు చర్మానికి మరీను. అది డాక్టరుని అడిగి వేసుకోండి.

ఆగస్టులో అడవుల పొగ వస్తుంది. గాలి నాణ్యత ఆరోగ్య సూచీ ఏడుకి చేరితే గట్టి పని ఇంట్లోకి మార్చండి. ఎలుగుబంటి స్ప్రే సంచిలో కాదు, నడుముకో సైకిలు గొట్టానికో చేతికందేలా ఉండాలి. మలుపుల దగ్గర గట్టిగా కేకేయండి. తెలుగులో అరిచినా ఎలుగుకి అభ్యంతరం లేదు.

పందెం వారం గంటలు సగానికి తగ్గించండి, జోరు మాత్రం పూర్తిగా మానకండి. మంగళవారం రెండు మూడు చిన్న ఎక్కుళ్లు చాలు. ముందురోజు చుట్టంతా ఒకసారి నెమ్మదిగా తొక్కి చూసుకోవాలి. పొద్దున ఇడ్లీయో పెరుగన్నమో పందేనికి మూడు గంటల ముందే అయిపోవాలి.

చివరగా, ఇంట్లోవాళ్లు చేయగల ఒక పని. క్రాస్ కంట్రీలో నీళ్ల సీసా ఎక్కడపడితే అక్కడ ఇవ్వకూడదు, దానికి గుర్తు పెట్టిన చోటు ఉంటుంది. సీసాని మెడ దగ్గర వేళ్ల కొసలతో పట్టుకుని, చేయి వదులుగా చాచి నిలబడాలి. బిగించి పట్టుకుంటే తొక్కేవాడి చేయి గుంజుకుపోతుంది. ఈ శనివారం మీ వీధి చివర నాలుగుసార్లు చేసి చూడండి. మొదటి రెండు సీసాలు కింద పడతాయి, పాతవే వాడండి.